రెండు క్యాలెండర్ల వదిన

మా వదిన పోయిన మూడో రోజున అన్నవాళ్ల పాత సందు మలుపులో ఫ్లెక్సీ కట్టారు. సోలాపూర్‌లో మనిషి పోతే ఫ్లెక్సీ కట్టాల్సిందే. పైన మరాఠీలో ఒకసారి, కింద తెలుగులో ఒకసారి శ్రద్ధాంజలి. అందులో తప్పేమీ లేదు. తప్పు ఫొటోలో ఉంది. ఆమె ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగలని రోజుల్లో తీసిన ఫొటో అది. చెంపలు లోపలికి పోయాయి, కళ్లు మాత్రం పెద్దగా మెరుస్తున్నాయి, నుదుటి మీద రూపాయంత కుంకుమ. పేరుకు ముందు ‘వ్రతమూర్తి’ అని బిరుదు కూడా తగిలించారు.

నిండు చెంపల ఫొటో నీ ఫోన్‌లోనే ఉంది కదా, అది ఎందుకు ఇవ్వలేదని మా అన్నను అడిగాను.

“గిండ్లనే దేవత లెక్క కొడుతున్నది, చెల్లె,” అన్నాడు.

“గది దేవత కాదన్నా. గది బీమారి.”

పక్కన కూర్చున్న మా పెద్దమ్మ మూతి తిప్పింది. “ఇయ్యాల గూడ పంచాయితేనా? సచ్చినోళ్లనన్న ఇడిసిపెట్టవా?”

పెద్దమ్మ అన్న ఆ మాట నాకు గుర్తుంటుంది. ఆ ఫ్లెక్సీని ఇంకో వారంలో దించేస్తారు, దాని గుడ్డ ఎవరి రేకుల కప్పు మీదికో పోతుంది. కానీ ‘వ్రతమూర్తి’ అన్న మాట మాత్రం జనం నోళ్లలో ఉండిపోతుంది. మా ఇళ్లల్లో ఎదిగే ఆడపిల్లలకు దాన్నే చూపిస్తారు. అది తప్పని ఎవరో ఒకరు రాసి పెట్టాలి కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో అన్న ఇల్లు కొంతం చౌక్ నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉండేది. ముందు గదిలో తువ్వాళ్లు నేసే పవర్‌లూములు, వాటి వెనక వంట గది. ఆ వంట గదిలో ఎదురెదురు గోడలకు రెండు క్యాలెండర్లు వేలాడేవి. ఒకటి మరాఠీది, ఒకటి తెలుగుది. మా పెద్దలు తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వస్తూ తమ నోములు వెంట తెచ్చుకున్నారు. ఇక్కడికి వచ్చాక ఇరుగుపొరుగు మరాఠీ వాళ్ల వ్రతాలు నేర్చుకున్నారు. మా అందరి ఇళ్లలోనూ అంతే. అయితే ఎవరైనా వాటిలో కొన్ని పట్టుకుంటారు, కొన్ని వదిలేస్తారు. మా వదిన ఒక్కటీ వదల్లేదు. మరాఠీ గోడ మీద సంకష్టి చవితి, మార్గశిర గురువారాలు, నవరాత్రులు. తెలుగు గోడ మీద శ్రావణ సోమవారాలు, శనివారాలు, కార్తీకమంతా. ఏ గోడ మీదా ఏమీ లేని రోజు వస్తే, “నిన్నటి ఉపాస్ ఇంక ఇడువలే” అనేది.

ఉపవాసమంటే మా దగ్గర తిండి మానేయడం కాదు. సగ్గుబియ్యం ఖిచిడీ, పల్లీలు, ఆలుగడ్డ, అరటిపండ్లు అన్నీ ఉంటాయి. మామూలు రోజుకన్నా నాలుగు ముద్దలు ఎక్కువే తింటాం. నేనైతే తింటాను, దాచుకునేదేముంది. ఆమె సగ్గుబియ్యం నానబెట్టేది, పల్లీలు వేయించి దంచేది, ఇంటిల్లిపాదికీ పెట్టేది. తనకో అంటే, “నేను పాలు తాగిన” అనేది. ఆ పాల గ్లాసును కళ్లతో చూసినవాళ్లు మా వంశంలో లేరు.

పెట్టడంలో మాత్రం ఆమెను మించినవాళ్లు లేరు. కరకరలాడే జొన్న రొట్టె, అదే భాకరీ, దాని మీద వెల్లుల్లి దట్టించిన పల్లీల చట్నీ, పైన నూనె. రుచి చూసేది కాదు. ఉపవాసంలో ఎంగిలి చేయకూడదు కదా. చట్నీ నా అరచేతిలో వేసి, “ఉప్పు సూడు పిల్లా” అనేది. చూసి చెబితే నా మొహమే చూస్తూ నిలబడేది. పంక్తిలో ఎప్పుడూ కూర్చోలేదు. “మీరు తినుర్రి, నేను ఎనుక తింట” అంటూ అందరి వెనకా తిరిగేది. ఒకసారి తలెత్తి చూస్తే, నేను నములుతుంటే ఆమె దవడ కదులుతోంది. ఖాళీ నోరే. అది చూసి నేను తినడం ఆపాను. ఆమె గబుక్కున నా పళ్లెంలో ఇంకో భాకరీ వేసి, “నీకేం పిల్లా, దేవుడు మంచి నోరిచ్చిండు” అంది. అందరూ నవ్వారు.

ఆమె ఇలాంటి మాటలు అంటూనే ఉండేది. ఇంట్లో ఆమెకు వ్రతాల పేరు, నాకు పైల్వాన్ అనే పేరు. మా అమ్మ, పిన్నులు నన్ను చూపించి ఆడపిల్లలకు ఇలా ఉండొద్దనేవారు, ఆమెను చూపించి ఇలా ఉండాలనేవారు. ఆమె కాదనేది కాదు. గాజుల దుకాణంలో చంటిపిల్లల గాజులు ఎక్కించుకుని, చేయి పైకెత్తి అవి మోచేతి దాకా జారుతుంటే చూపించేది. “గాజులాయన పరేషాన్ అయిండు,” అనేది మురిసిపోతూ. నా చేతికి పట్టే గాజులు ఆ దుకాణంలో వెనక గదిలోంచి తేవాలి. ఆ సంగతి కూడా ఆమే చెప్పేది, నా అత్తగారి ముందు.

సోలాపూర్ ఎండ గురించి చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో ఆమె చద్దరు కప్పుకునేది. వైశాఖంలో, రేకులు పేలుతున్నప్పుడు, మా ఊరి మందపాటి చద్దరు. “ఏంది వదినె, చద్దర్ల దుకాణమోళ్లు నీకు నెల పగారిస్తున్నరా?” అని నేనే ఎగతాళి చేశాను. “గాలి సలి కొడుతున్నది పిల్లా,” అంది. గాలి ఎక్కడుంది? నేను బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటాను. మా అత్తగారు బీడీలు చుట్టేది, నేను తెలుగు బడిలో చిన్న తరగతులకు చెప్పేదాన్ని. మా ఇంటికి వదిన ఆ ఎండలో పాత ఊరి నుంచి నడిచి వచ్చేది. రిక్షా ఎక్కితే తల తిరుగుతుందనేది. వచ్చి కూర్చునేదీ కాదు. గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి, నేను టీ పొయ్యి మీద పెట్టేలోగా వెళ్లిపోయేది. నా ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టదని నేను చాలాకాలం కోపంగా ఉన్నాను. ఎవరింట్లోనూ ముట్టదని తర్వాత తెలిసింది. వాళ్లంతా కూడా నాలాగే ఎవరికి వారు అలిగి ఉన్నారు.

ఇవన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే ఇప్పుడు చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. ఎండలో చలి, జారే గాజులు, కూర్చోలేకపోవడం, అందరికీ పెట్టి తాను తినకపోవడం. మా దగ్గర ఎవరూ ఒక్కచోట పెట్టి చూడలేదు. ప్రతిదానికీ ఒక పండుగ పేరు సిద్ధంగా ఉండేది.

శ్రావణ పున్నమికి మా పద్మశాలీల మార్కండేయుడి రథం ఊరేగుతుంది. ఊళ్లోని తెలుగువాళ్లంతా వీధుల్లోనే ఉంటారు. ఒక ఏడు ఆ రోజు పొద్దున అన్న ఇంట్లో వదిన పోలెలు, అంటే బొబ్బట్లు, వడ్డిస్తూ, మా అత్తవైపు వాళ్లంతా వరసగా కూర్చుని ఉండగా, “మా ఆడిబిడ్డకు రెండేసి పెట్టుర్రి, ఒక్కటైతే పంటికిందికి రాదు” అంది. నేను పళ్లెం ముందు నుంచి లేచిపోయాను. ఎవరూ ఆపలేదు. ఆ మంటతోనే మధ్యాహ్నం సందు చివర అరుగు మీద నిలబడ్డాను. ఆమె నాకు కొంచెం అవతల, హారతి పళ్లెం పట్టుకుని ఉంది. డప్పులు దగ్గరికి వచ్చాయి. రథం కనిపించింది. ఆమె చేతిలో పళ్లెం వణికింది, ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగింది, గుడ్లు తేలేసి అక్కడే కూలిపోయింది.

“అమ్మ! అమ్మ ఒంటి మీదికొచ్చింది!” అని ఎవరో కేక పెట్టారు.

ఇక చూడాలి. ఒకామె వేపకొమ్మ తెచ్చింది, ఒకామె ఆమె మొహమంతా పసుపు కుంకుమలు మెత్తింది, బిందెడు చల్లటి నీళ్లు తల మీద కుమ్మరించారు. డప్పులవాళ్లు రథాన్ని వదిలి ఇటు తిరిగి ఇంకా గట్టిగా కొట్టారు. ఒక ముసలామె ఆమె కాళ్లు పట్టుకుని, “అమ్మా, మా మనవనికి పిల్ల ఎప్పుడు దొరుకుతది తల్లీ, మగ్గం పనోడంటే ఎవరిస్తలేరు” అని అడిగింది. “పొద్దున లేసి పనికి పొమ్మను, దొరుకుతది” అని గుంపులో ఎవరో జవాబిచ్చారు. నేను కూడా మొక్కడానికే వంగాను. అందరూ వంగుతుంటే నేనొక్కదాన్నే నిలబడితే మళ్లీ నాకే పేరు వస్తుంది. పాదం ముట్టుకున్నాను. అంత ఎండలో అది బావిలో రాయిలా ఉంది. పాదం పైన వాపు ఉంది, నా వేలు నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. పూనకం వచ్చినవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను. వాళ్ల ఒళ్లు కాలుతుంది.

“అమ్మ లేదు, ఏం లేదు! ఈమె కడుపుల తిండి లేదు. జరగుర్రి, గాలి రానియ్యుర్రి!” అని అరిచాను.

“నోరు ముయ్యి, కండ్లు పోతయ్!” అని నాలుగు వైపుల నుంచి తిట్లు. మా అన్న జనాన్ని తోసుకుంటూ వచ్చి నా రెక్క పట్టుకుని అవతలికి లాగాడు. “పొద్దుగాల పోలెల ముచ్చట మనసుల పెట్టుకొని ఇప్పుడు గిట్ల కసి తీస్కుంటవా? చెల్లెవా, పగదానివా?”

ఇంటి నల్లా నీళ్ల మీద, కరెంటు బిల్లు మీద, బడిలో జీతాల ఆలస్యం మీద గొడవపడే మనిషిగా నాకు పేరుంది. అవన్నీ న్యాయమైన గొడవలే. కానీ ఆ ఒక్కసారి నా మాట నిజమని నమ్మించడానికి ఆ పేరు అడ్డం పడింది. దానికి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. అదే మాట మా ఊళ్లో మెత్తగా మాట్లాడే ఏ మనిషి అన్నా ఆమె ఆ రోజే దవాఖానకు చేరేది.

నా పోరు పడలేక అన్న మర్నాడు ఆమెను సందులో ఉండే డాక్టరుకు చూపించాడు. నేను వెంట వెళ్లాను. ఆయన బీపీ చూసి, టానిక్కు, గ్యాస్ గోళీలు రాశాడు. “ఈమె తినదు డాక్టర్ సాబ్, ఎన్నో ఏండ్ల నుంచి తినదు” అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, “మీరైతే తింటున్నట్టే ఉన్నరు” అన్నాడు. అన్న నవ్వాడు. వదిన కూడా చద్దరు చాటున నవ్వింది. ఆ డాక్టరు ఇప్పుడు పెద్ద బోర్డు పెట్టుకున్నాడు. నేను ఆ దారిన పోను.

ఆ తర్వాత నాకు తోచిన పని నేను చేశాను. పళ్లెంలో భాకరీ, పప్పు పెట్టుకుని ఆమె ఎదురుగా కూర్చుని, “నా ముందర తిను, తినే దాక లేవ” అన్నాను. ఆమె భాకరీని తుంచింది, తుంచినదాన్ని మళ్లీ తుంచింది, పొడి అయ్యేదాకా తుంచి పప్పు కింద దాచింది. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అలా బలవంతం చేయకూడదని, తిండి మీద పోట్లాడితే ఆ జబ్బు ఇంకా లోపలికి పోతుందని తర్వాత దవాఖానలో చెప్పారు. ముందు ఎవరు చెప్పారు నాకు? ఎక్కడ రాసి ఉంది మా సందులో?

పవర్‌లూముల ఇంట్లో మనసులో మాట చెప్పుకోవాలంటే కరెంటు పోవాలి. మగ్గాలు నడుస్తున్నంతసేపూ అందరూ అరిచే మాట్లాడతారు. అరిచి చెప్పగలిగినవే చెప్పుకుంటారు. దసరా ముందు ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి కరెంటు లేదు. అన్న టీ కోసం చౌక్‌కు పోయాడు. ఆమె వంట గదిలో తల దువ్వుకుంటోంది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను నన్ను చూడగానే పిడికిట్లోకి దాచుకుంది. పిడికిలి నిండిపోయింది. తిండి మాట ఎత్తొద్దని నాకు ఎందుకు తోచిందో తెలియదు.

“వదినె, నీకు భయమైతున్నదా?” అన్నాను.

దువ్వెన ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. “అందరు నాకు ఆకలి లేదనుకుంటరు. ఆకలి ఏడికి పోతది పిల్లా? పొద్దుగాల కన్ను తెరిస్తే తిండి గురించే సోంచాయిస్త. ఎవరికేం పెట్టాలె, ఎవరెంత తిన్నరు. కలల గూడ భాకరీలే ఒస్తయ్.”

“మరి?”

“ముద్ద చేతికి తీస్కుంటే లోపట ఎవరో చెయ్యి గుంజుతరు. నక్కో నక్కో, వద్దు వద్దు అంటరు. తిన్నననుకో, దినమంత తిడ్తరు. గా తిట్లు నువ్వు గూడ తిట్టలేవు.”

“దేవుడా?”

“దేవుడు గట్ల తిట్టడు,” అంది. “మొదలు దేవుని పేరు మీదనే పట్టిన. ఇప్పుడు ఇడుద్దామంటే వస్తలేదు. అందరు కాళ్లు మొక్కవట్టిరి. ఇగ నేను కూసోని తింటే ఏమంటరు? నువ్వొక్కదానివే నన్ను దేవతంటలేవు. నా మీద కోపమున్నది గావట్టి.”

“ఉన్నది,” అన్నాను.

“ఉండనియ్యి,” అంది.

పెద్ద దవాఖానకు పోదామన్నాను. మొదట గుండె, రక్తం చూస్తారని, తర్వాత మనసు డాక్టరు మాట్లాడతారని చెప్పాను. నాకు తెలిసింది అంతే. పిచ్చి డాక్టరా అని అడిగింది. మనసు డాక్టరే అన్నాను. పక్కన నువ్వుంటావా అని అడిగింది. ఉంటానన్నాను. కాసేపు దువ్వెన పళ్లు గీకుతూ ఆలోచించి, “మీ అన్నకు నీ మోకాలు నొస్తున్నదని, నేను తోడు పోతున్ననని చెప్దాం. నీ ఒళ్లు సూసి ఎవరైన నమ్ముతరు” అంది. అంత కష్టంలో కూడా నన్ను వదల్లేదు. అంతలో కరెంటు వచ్చి మగ్గాలు మొదలయ్యాయి. ఇక మాట్లాడటానికి లేదు. వేళ్లతోనే రేపు అని సైగ చేసింది.

ఆ మోకాలికి ఏ నొప్పీ లేదు. ఇవాళ్టికీ చుట్టాలు నాకు ఏవేవో నూనెలు తెచ్చి ఇస్తుంటారు.

దవాఖానలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ చిన్నవయసు మరాఠీ అమ్మాయి. ముందు నన్ను బయటికి పొమ్మంది. నాకు రోషం వచ్చింది. తీసుకొచ్చింది నేను కదా! తలుపు మూసుకుని వదినతో చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చిన వదిన కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ మొహం బరువు దించుకున్నట్టు ఉంది. గుండెకు ఈసీజీ పట్టీ తీశారు, రక్తం తీశారు. ఒంట్లో లవణాలు దారి తప్పాయని, గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదించిందని వెంటనే చేర్చుకున్నారు. ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెట్టినా ప్రమాదమేనట. కొంచెం కొంచెంగా, రక్తం చూసుకుంటూ పెట్టాలట. ఇక మోకాలి అబద్ధం పనిచేయదు కాబట్టి అన్నను పిలిపించాం.

“నా పెండ్లానికి పిచ్చి లేసిందంటరా?” అని అన్న గొంతు పెంచాడు.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. ఇది పిచ్చి కాదు, భక్తి కాదు, మొండితనం కాదు, జబ్బు అంది. షుగరుకు మందు వేసినట్టే దీనికీ వైద్యం ఉందంది. దాని పేరు అనోరెక్సియా అని చెప్పింది. వయసుపిల్లలకే వస్తుందనుకుంటారట, ఎవరికైనా వస్తుందట. ఆమెను తిట్టొద్దు, లావెక్కావనీ తగ్గావనీ అనొద్దు, తినేటప్పుడు పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి అంది. ఉపవాసాలు ఒక్కటీ వద్దు. చివరికి నా వైపు తిరిగి, గుండె చాలా నలిగిపోయింది, ఇంకా ముందే తీసుకురావాల్సింది అంది.

నాతో అంది! సందు మొత్తాన్ని వరసగా నిలబెట్టి అనాల్సిన మాటను నాతో అంది. అయినా అది నిజమే.

గుడి పూజారి దగ్గరికి కూడా గొడవకే వెళ్లాను. ఇన్నేళ్లు ఆమె చేత ఇన్ని వ్రతాలు చేయించారే అని నిలదీశాను. ఆయన నెత్తి గోక్కున్నాడు. “జబ్బు మనిషికి ఉపవాసం లేనే లేదమ్మా. మందు పుచ్చుకునేవాళ్లు తినే తీరాలి. నన్ను ఒక్కరన్న వచ్చి అడిగితే గద?” అన్నాడు. ఎవరూ అడగలేదు. అడిగితే ఆపమంటాడని భయమేమో.

తర్వాత అన్నవాళ్లకు కుంభారి దగ్గర కార్మికుల కొత్త కాలనీలో ఇల్లు వచ్చింది. అది ఆమెకు మేలు చేసింది. అక్కడ ఆమె కాళ్లు ఎవరూ మొక్కలేదు. కొత్త గోడలకు రెండు క్యాలెండర్లూ కట్టకుండా ఆమే మూటలో ఉంచేసింది. నెలనెలా దవాఖాన, మాటల వైద్యం, గోళీలు, ఏం తినాలో చెప్పే ఇంకో అమ్మాయి. అన్న పగలంతా మగ్గం మీద ఉంటాడు. మధ్యాహ్నం పళ్లెం దగ్గర పక్కన కూర్చునే పని నాకు వచ్చింది. అప్పటికి నేను బడి మానేశాను. కొంతం చౌక్‌లో బస్సు ఎక్కి పోయేదాన్ని.

తినేటప్పుడు తిండి ముచ్చట తీయొద్దు, వేరే ముచ్చట్లు పెట్టుకోండి అని డాక్టరమ్మ చెప్పింది. మా ఇద్దరికీ వేరే ముచ్చట్లు ఏమున్నాయి? ఆమె నన్ను అన్న మాటలే ఉన్నాయి. మొదటిరోజు ఆమె ముద్ద పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. నేనే అందుకున్నాను.

“నా పెండ్లిల మా అత్త ముందర ఏమన్నవ్, యాదున్నదా?”

“ఏమన్న?”

“మా పిల్లకు రెండు ఆకులు ఎయ్యుర్రి అన్నవ్.”

“అబద్దం! ఒకటే ఆకన్న. జర పెద్దది సూసి ఎయ్యుర్రి అన్న,” అంది. ఆ కోపంలో ముద్ద నోట్లోకి పోయింది.

అలా రోజుకొకటి తీసుకెళ్లేదాన్ని. నా దగ్గర కొదవ లేదు. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, “ఇయ్యాల ఏం కేసు తెచ్చినవ్, వకీల్ సాబ్?” అని లోపలి నుంచి అడిగేది. గట్టిగా వాదించేది. తేదీలు తప్పు పట్టేది, సాక్షులను అడిగేది. వాదనలో ఓడిపోతున్నప్పుడు ఇంకా బాగా తినేది. అన్ని రోజులూ అలా లేవు. శ్రావణం వస్తే చేయి మళ్లీ వెనక్కి పోయేది. పళ్లెం అవతలికి నెట్టి, కళ్లనిండా నీళ్లతో, “లోపట బాగ తిడ్తున్నరు పిల్లా” అనేది. అలాంటి రోజున నేను కేసు తీసేదాన్ని కాదు. పక్కన కూర్చుని నా పళ్లెంలోది నేను తినేదాన్ని. ఒక్కోసారి దవాఖానకు ఫోను చేసి, గడువుకు ముందే తీసుకెళ్లాల్సి వచ్చేది. వైద్యం జరిగినన్ని రోజులూ అంతే, రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు. కానీ చెంపలు నిండాయి. చద్దరు పెట్టెలోకి పోయింది.

ఒకసారి వాదన మధ్యలో, “నాది గూడ ఒకటున్నది,” అంది. ఆమె కొత్త కోడలుగా వచ్చిన రోజుల మాట. నేను బడికి పోయి ఉన్నాను. ఆమె చేతిమగ్గం మీద కూర్చోబోతుంటే మా అమ్మ, “జర మెల్లగ, పలక ఇరుగుతది” అందట. మగ్గాల దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారట.

“గంతేనా?” అన్నాను.

“గంతే.”

ఒక్క మాటతో ఇలాంటి జబ్బు రాదని డాక్టరమ్మ అంది, నిజమే అయి ఉండొచ్చు. కానీ నేను నన్నన్న ప్రతి మాటనూ ఊరందరికీ వినిపించి, నా కడుపు నేను చల్లార్చుకుని బతికాను. ఆమె ఒక్కటే పెట్టుకుంది. ముసలితనం దగ్గరపడేదాకా ఎవరికీ చెప్పలేదు. ఒకే వంట గదిలో అన్ని పండుగలు గడిపాం, నేను ఎప్పుడూ నా లెక్కలే చెప్పాను. నీకేమైనా ఉందా అని అడిగిన మనిషి మా ఇంట్లో లేదు.

నా దగ్గర ఒక పెద్ద మాట ఉంది. ఆమె అన్నవాటన్నిటిలోకీ పెద్దది. దాన్ని నేను వాడలేదు, దాచిపెట్టాను. మొన్న చలికాలం చివర ఒక మధ్యాహ్నం, చిన్న కేసు ఏదో తొందరగా తేలిపోయింది.

“గింతేనా? నీ సంచి ఖాళీ అయిందా వకీల్ సాబ్?” అని వెక్కిరించింది.

“ఇంకోటున్నది. గది మామూలుది గాదు.”

“మరి తియ్యి.”

“నువ్వు తిననని మొండికేసిన రోజు తీస్త.”

“అట్లయితే గది నీ దగ్గర్నే ఉంటది,” అంది. పళ్లెంలో చివరి ముద్ద తిని, వేళ్లు నాకి, లేచి తన పళ్లెం తానే కడుక్కుంది.

మర్నాడు పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే అన్న ఫోను చేశాడు. టీ తాగుతూ కూర్చుని, అలాగే గోడకు ఒరిగిపోయిందట. గుండె. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఎప్పుడైనా జరగవచ్చని. జరగకపోవచ్చని కూడా చెప్పింది. నేను ఆ రెండోమాటనే పట్టుకున్నాను.

ఆమె అన్న ఆ పెద్ద మాట ఏమిటో ఇక్కడ రాయను. అది వింటే మీరంతా నా పక్షానే నిలబడతారు, ఆమె తరఫున వాదించడానికి ఎవరూ ఉండరు. నిన్న మధ్యాహ్నం అలవాటుగా కుంభారి బస్సెక్కి కూర్చుని దాన్ని మొదటి నుంచి చివరిదాకా మనసులో చెప్పుకున్నాను. ఎప్పటిలా మండాలని చూశాను. మండలేదు. ఆమె ఏమని ఎదురు చెప్పేదో, ఎక్కడ నన్ను అబద్ధమాడుతున్నావనేదో, ఎక్కడ కోపంతో ముద్ద నోట్లో పెట్టుకునేదో అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. కుంభారి స్టాపు వచ్చింది. కండక్టరు, “ఉతరా, ఉతరా, దిగేటోళ్లు దిగుర్రి” అని అరిచాడు. నేను దిగలేదు. అదే బస్సులో వెనక్కి వచ్చేశాను.